నూరో నంబరు

పొందూర్లో నా రాట్నం ఆగి ఇరవయ్యో రోజు.

విశాఖలో ఆ మిసన్ను మాత్రం
నాలుగు గంటలు తిరిగింది.
నా నెత్తురు తోడి, తెల్లకణాలు ఏరుకుని
మిగతాది నాకే ఎక్కించీసింది.
వాలుగ సేప దవడతో నాను పత్తి దువ్వినట్టే,
నలకొక పక్క, పింజొక పక్క.

"మూడు మందులకీ లొంగని కేన్సరమ్మా.
ఇది ప్రయోగం, గేరంటీ లేదు."
కుర్ర డాక్టరు కాగితం జరిపేడు.
నూరో నంబరు నూలుకి
గేరంటీ ఎవులిచ్చేరు నాయనా?
సంతకం పెట్టీసేను.

ఇప్పుడవి ఏ ఊరి అద్దాలగదిలోనో
అయినోడి మొహం పెట్టుకున్న దొంగని
పోల్చుకోడం నేర్చుకుంటన్నాయట.

తిరిగి ఎక్కించేక జొరం కాస్తాదట.
కాసిందంటే పని మొదలెట్టినట్టేనట.
మా సూరీడమ్మ థర్మామీటరు కొనుక్కొచ్చింది.

జొరం తగ్గాలనే మొక్కేను ఇన్నేళ్ళూ.
కాయాలని
ఏ తల్లికి మొక్కాలో!