హాజరు: ముప్పై ఎనిమిది

నా పని చిన్నది.
తలుపు పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని
లోపలికొచ్చే ఒక్కో తలకీ ఒక్కో నొక్కు.
గుప్పిట్లో పట్టే ఇనుప లెక్కల డబ్బా,
పంతొమ్మిదేళ్లుగా దానికి అలవాటైన నా బొటనవేలు.

ఈ మంగళవారం సుపీరియర్ సరస్సు
మధ్యాహ్నం నుంచే మా ఊరి మీద పడింది.
మంచు కురవలేదు, అడ్డంగా పరిగెత్తింది.
సున్నాకి ఇరవై రెండు కింద.
ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా విరిగే చలి.
కాలేజీ వాళ్లు క్లాసులు ఆపారు, ఆట ఆపలేదు.
అవతలి జట్టు బస్సు అప్పటికే బయల్దేరిందట,
నాలుగు గంటల దారికి ఏడు పట్టింది.

అమ్మాయిల బాస్కెట్‌బాల్.
పన్నెండు వందల కుర్చీలు.
ఆరున్నరకి నా డబ్బాలో తొమ్మిది.

బ్యాండు వచ్చింది, అంటే ఎమెట్ వచ్చాడు,
హాస్టల్ నుంచి ట్యూబాని బిడ్డలా చంకనెత్తుకుని.
మిగతా ఇరవై మందీ ఫోన్లో
చేతులు జోడించిన బొమ్మలు పంపారట.
జాతీయగీతం ఒక్క ట్యూబా మీద విన్నారా ఎప్పుడైనా?
ఏనుగుకి జలుబు చేసినట్టుంటుంది.
ఎవరూ నవ్వలేదు. అందరం టోపీలు తీశాం,
చెవులు గుర్తొచ్చి మళ్లీ పెట్టుకున్నాం.

సీజన్ టికెట్ల వాళ్లు రాలేదు,
వాళ్ల దిండ్లు మాత్రం బుద్ధిగా కూర్చున్నాయి,
నవంబర్ నుంచి అక్కడే వదిలేసినవి.
వాటికీ ఒక్కో నొక్కు నొక్కుదామా అనిపించింది.
నొక్కలేదు.

జనం లేని హాల్లో ఆట వేరే ఆట.
రిఫరీ తనలో తాను "తప్పు చెప్పానా?" అనుకోవడం
చివరి వరస దాకా వినబడుతుంది.
మా కుర్రాళ్లు ఎంత గోల చేసినా గురి తప్పని
అవతలి పిల్ల ఒకతి,
ఎమెట్ ట్యూబాలోంచి నీళ్లు కారే చప్పుడుకి
ఫ్రీ త్రోలు రెండూ పోగొట్టుకుంది.

రెండో క్వార్టర్లో
తలుపుని భుజంతో తోసుకుని గస్ విటాలా.
బయట కౌంటీ వారి మంచు తోసే లారీ,
ఇంజిన్ ఆపలేదు, నారింజ దీపం
గోడ మీద వచ్చి పోతోంది.
టికెట్టుకి జేబులు తడుముకున్నాడు.
నేను నొక్కేశాను. ముప్పై ఎనిమిది.

కూతురు అనికా బెంచీ చివర,
మోకాళ్ల మీద తువ్వాలు, ముప్పై ఒకటో నంబరు.
ఏడు నిమిషాలు నిలబడ్డాడు,
కనుబొమ్మల మంచు కరిగి మీసాల్లోకి దిగేదాకా.
రేడియో దగ్గింది: కొండ మీద అంబులెన్స్ ఇరుక్కుందని.
వెళ్లిపోయాడు.
తలుపు మూసుకుని నిమిషం కాలేదు,
కోచ్ వేలు చూపించింది. అనికా లేచింది,
లేస్తూ తలుపు వైపు చూసింది.
అక్కడ నేనున్నాను.
చెయ్యెత్తాను, ఎందుకో తెలీదు.

డబ్బాకి ఒకటి తగ్గించడం రాదు.
సున్నాకి పోవడం ఒక్కటే వచ్చు.

తొమ్మిది పాయింట్లతో ఓడాం.
డైరెక్టర్ ఇంట్లోంచి ఫోన్ చేశాడు:
"వంద అని రాయి ఇర్మా, స్పాన్సర్లు చూస్తారు."
ముప్పై ఎనిమిది అని రాశాను.
ఎనిమిదిని కొంచెం లావుగా రాశాను.

ఆ తర్వాత షెరీఫ్ రోడ్డు మూసేశాడు.
గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ
కుస్తీ పరుపులు ఈడ్చుకొచ్చి పరిచారు.
గస్ మూడు విడతలుగా జనాన్ని దింపాడు:
చేపల లారీ డ్రైవరు, డ్యూటీ దిగిన నర్సు,
ఒక పసిబిడ్డా, ఆ బిడ్డకి చెందిన నలుగురూ.
జేబులో బొటనవేలు తన పని తను చేసుకుపోయింది.
ఒంటిగంటకి డెబ్బై మూడు.
ఫారంలో దానికి గడి లేదు.

మూడోసారి వచ్చినప్పుడు గస్ కూతుర్ని అడిగాడు:
"ఆడావా?"
"ఆడాను."
"ఎంతసేపు?"
"మన వీధిలో మంచు తోసేంతసేపు."
ఆయన తలూపాడు. మా వీధులన్నీ ఆయనకి నిమిషాల్లో తెలుసు.

శనివారం ఇంకా చల్లగా ఉంటుందట.
స్టూలు మీదకి దిండొకటి తెచ్చుకోవాలి.