ఏడంకెల చెక్క

ఎర్రగడ్డ ఆదివారం సంతలో
మూతల్లేని మిక్సీ జార్ల పక్కన బోర్లా పడి ఉంది.
తీగల్లేవు. ఆరు బిరడాల్లో ఒకటి లేదు.
"మోగదు గానీ అక్కా, గోడకు తగిలిస్తే మంచిగ కనవడ్తది"
అన్నాడు పిల్లాడు.
పదిహేను వందల దగ్గర మొదలై
ఎనిమిది వందలకి ఇద్దరం అలిసిపోయాం.
మెట్రోలో నిలబెట్టి పట్టుకుంటే
ఎవరో ముసలాయన లేచి సీటిచ్చాడు,
నాకో, దానికో.

పగలు కోఠీలో చెవి మిషన్లు బాగుచేస్తాను.
వేలిగోరంత డబ్బాలో వెంట్రుకంత తీగ అతికించి
పెద్దవాళ్ల వెనక నిలబడి చిటికె వేస్తాను.
తల తిప్పితే డబ్బులు తీసుకుంటాను.
ఇంత పెద్ద వస్తువుని విప్పడం ఇదే మొదలు.

చిలకలగూడ మేడ మీద నాలుగు రాత్రులు రంగు గీకాను.
పైన నలుపు, కార్లకి కొట్టేది.
దాని కింద ఎరుపు. ఎరుపు కింద
పెళ్లి మండపం కుర్చీలకి వేసే వెండి రంగు.
అన్నిటి కింద ప్లైవుడ్డు.
టేకేమోనని ఎక్కడో ఆశపడ్డాను, చెప్పొద్దూ.
పొరలు పొరలు,
తడిసి ఉబ్బిన పాత టెలిఫోన్ డైరెక్టరీలా.
పొడంతా వెళ్లి ఓనరు సుభాషిణమ్మ
ఆరేసిన మిరపకాయల మీద పడింది.
ఆవిడ ఏమీ అనలేదు.
అనకపోవడం రెండు రోజులు వినబడింది.

టేపు పెట్టి కొలిచాక తెలిసింది:
తీగల్ని మోసే వంతెన
అరంగుళం తప్పుచోట బిగించారెవరో.
అంటే ఇది పూర్తిగా శ్రుతిలో ఎప్పుడూ లేదు.
పై మెట్లకి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది.
మెట్లు చూశాను.
మొదటి మూడూ గాడిపడేలా అరిగాయి.
మిగతావి పెట్టెలోంచి తీసినట్టు మెరుస్తున్నాయి.
తప్పు తక్కువగా ఉన్న చోటే
ఎవరో ఏళ్లతరబడి కాపురమున్నారు.

ఆ ఎవరో పేరు నోయెల్.
అయస్కాంతాల గుంతలో దుమ్ము ఊదితే
పెన్సిలుతో నోయెల్, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్,
పక్కన ఏడంకెల నంబరు.
ఊళ్లో ఫోన్లన్నిటికీ ముందు ఒక రెండు వచ్చి చేరకముందు సంగతి.
నేనూ రెండు చేర్చి చేశాను.
ఈ నంబరు వాడుకలో లేదని
ఒకావిడ మూడు భాషల్లో, మర్యాదగా.
మెట్టుగూడ నడిచేంత దూరం.
వెళ్లలేదు. వెళ్లి ఏమని అడగను?

ముషీరాబాద్ అడితిలో యాదగిరి మిషను ఆపి అడిగాడు:
"కొత్త గుంత గీ రాత మీదికెల్లే పోతది. పోనియ్యనా?"
పావంగుళం జరపమన్నాను.
"జరిపితే అయస్కాంతం తీగల కిందికి సక్కగ రాదు."
నిజమే.
చివరి రెండంకెలు పొట్టయ్యాయి.
పేరు మిగిలింది. ఐదంకెలు మిగిలాయి.
ఎటూ కలవని ఫోనుకి ఐదు చాలు.
ఆ పొట్టు గుప్పెట్లో పట్టుకొచ్చి
ఫెవికాల్లో కలిపి
వంతెన పాత రంధ్రాల్లో కూరాను,
చీపురుపుల్లల ముక్కలు దిగ్గొట్టి.
పొద్దున గోరుతో నొక్కితే గట్టిగా ఉంది.
కొలిచి, నమ్మక మళ్లీ కొలిచి,
అరంగుళం ఇవతల కొత్త మరలు తిప్పాను.

పోయిన ఆదివారం తీగలెక్కించాను.
రంగు వెయ్యలేదు. గీకిన చోట గీకినట్టే ఉంది.
పన్నెండో మెట్టు నొక్కి మీటితే
సరిపోయింది.
నోయెల్ ఎన్నడూ నిలవలేని చోటు.
ఎందుకో సిగ్గేసి
మొదటి మూడు మెట్లకి దిగొచ్చాను.
నాకొచ్చిందీ అంతే మరి.

ఒక్కటి మిగిలింది. స్పీకరు బుంయ్‌మంటుంది.
తీగల మీద అరచెయ్యి ఆనిస్తే ఊరుకుంటుంది,
తీస్తే మళ్లీ మొదలు.
లోపల రాగి రేకు అంటిస్తే పోతుంది.
గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, అరవై రూపాయలు.
వారం నుంచి రోజూ
ఆ గల్లీ ముందునుంచే పోతున్నాను.