అట్ట చెక్కు

"ఇంకో పది పెసోలు కలిపి పిల్లల ఆసుపత్రికి ఇస్తారా?"
పూటకి రెండొందల సార్లు
నెలిదా బార్రియా నోట ఇదే మాట.
వెనక తెర మీద లెక్క పడుతుంటుంది:
అడిగింది ఎందరిని, ఇచ్చింది ఎందరు.
నూటికి అరవై దాటకపోతే
పేరు పక్కన ఎర్ర చుక్క.
ఆ చుక్కలు చూసే ఉద్యోగం నాది.
షిఫ్టు పెద్దని. ముంజేతి మీద
పాత నూనె మచ్చలు ఇంకా మానలేదు గానీ
పెద్దనే.

పుంతా అరేనాస్ గాలి సంగతి మీకు తెలీదు.
నడిచేవాళ్లు పట్టుకోడానికి
వీధి మూలల్లో తాళ్లు కడతారు.
జలసంధి దాటొచ్చి, తలుపు తీసిన ప్రతివాడి వెనకే దూరి
బల్లల మీది కాయితం రుమాళ్లు ఎత్తుకుపోతుంది.

ఆ గాలిలోంచి ఒక ముసలాయన వచ్చేవాడు.
గొర్రెల ఉన్ని కత్తిరించీ కత్తిరించీ
వేళ్లు కత్తెర ఆకారానికే వంగిపోయాయి.
ఒక చిన్న పొట్లం బంగాళాదుంపలు,
మాతే ఫ్లాస్కులోకి వేణ్ణీళ్లు.
నాణేలు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చి
చివరిదాని దగ్గర కాసేపు ఆగేవాడు.
నెలిదా ఆయన్ని అడగలేదు.
మర్నాడూ అడగలేదు.
ఆయన వెనక నిలబడి అదంతా చూసినవాళ్లనీ
అడగలేకపోయింది.

నేను కాయితం రాశాను:
"దాతృత్వ సూచీలో వెనకబాటు. మొదటి హెచ్చరిక."
చదివింది. నాలుగు మడతలు పెట్టి
ఏప్రాన్ జేబులో దోపుకుంది.
"సంతకం ఎక్కడ చెయ్యాలి?" అంది. అంతే.

జూలై మంచులో సాంతియాగో నుంచి ఒకాయన దిగాడు.
కొత్త కోటు, మెడ వెనక ధర చీటీ తియ్యడం మరిచాడు.
బెలూన్లు ఊదాం.
తలుపంత అట్ట, దాని మీద కంపెనీ పేరు,
పేరు కింద సున్నాల వరస.
ఒక కొస ఆయన, ఇంకో కొస ఆసుపత్రి పెద్దావిడ,
వెనక నవ్వడానికి మేము.
"ఇది మా కంపెనీ గుండెకాయ" అన్నాడు.
అత్త సొమ్ము, అల్లుడి దానం.
ఆ సున్నాల్లో రేవు కూలీలున్నారు,
బడి ఎగ్గొట్టొచ్చిన పిల్లలున్నారు,
పూటకి రెండొందల సార్లు అరిగిన నెలిదా గొంతుంది.
కంపెనీది ఏముందా అని వెతికాను.
అక్షరాల రంగు.

అబద్ధమెందుకు, ఆ డబ్బు చేరాల్సిన చోటికే చేరింది.
రెండు చక్రాల కుర్చీలు వచ్చాయట.
ఒక పిల్ల మొదటిసారి తనే
నడవా చివరి దాకా వెళ్లి
కిటికీలోంచి ఓడలు చూసిందట.
ఆ పిల్లని తలుచుకున్నప్పుడల్లా
నా కోపం ఎటు పోవాలో తెలీక
నా దగ్గరికే తిరిగొస్తుంది.

ఆ రాత్రి వాడిన నూనె డబ్బాల పక్కన
చెక్కు గోడకి చేరగిలబడి ఉంది.
"పారేసేదేనా?" అంది నెలిదా.
వంటింటి కిటికీ పగిలి నెలన్నరయిందట.
అద్దం ధర చెప్పింది.
ఆమె జీతం ఎంతో నాకు తెలుసు,
నేనే కదా గంటలు వేసేది.

ఒంటరిగా మొయ్యనివ్వలేదు గాలి.
తెరచాపలా పొంగి ఆమెని రోడ్డు మధ్యకి లాగింది.
పరిగెత్తి రెండో కొస పట్టుకున్నాను.
ఫోటోలో లాగే, అటొకరు ఇటొకరు,
మధ్యలో అన్ని సున్నాలు.
మూల తిరిగేచోట ఒక చేత్తో తాడు,
ఒక చేత్తో చెక్కు.
ఇద్దరమూ నవ్వలేదు.

"పేరు లోపలికా, బయటికా?" అడిగాను మేకు పట్టుకుని.
"బయటికి. తెల్లవైపు పిల్లాడు గీసుకుంటాడు."
కొట్టాం. ఇంకా పక్కనుంచి
ఈల వేస్తూ సన్నగా గాలి.
జేబులు తడుముకుంది.
నాలుగు మడతల నా కాయితం తీసి
చట్రానికీ అట్టకీ మధ్య సందులో
బొటనవేలితో కుక్కింది.

ఈల ఆగింది.
"సరిపోయింది" అంది, నా వైపు చూడకుండా,
కెటిల్ పొయ్యి మీద పెడుతూ.