గిన్నె ఉత్తగ ఇయ్యరు

బాదేపల్లి మార్కెట్ యార్డుల
పల్లికాయ రాశి మీదికి ఎండ వాలినప్పుడు
చాటతోని చెరుగుతున్న ఈదమ్మ
దేనికో పక్కకు తిరిగి నవ్వింది.
నేను నొక్కిన. గంతే.

ఆమెనేం అడగలే.
కెమెరా మెడల ఉన్నోనికి
లోకమంత సర్కారు జాగ లెక్కనే కనిపిస్తది.

నాలుగు వానకాలాలు పొయినయి.
మొన్న మా తమ్ముని కొడుకు ఫోన్ చూపెట్టిండు:
యాడిదో నూనె కంపెనీ వెబ్‌సైట్,
మొదటి పేజీల ఈదమ్మ నవ్వు,
చాట పక్కన వాల్ల సీసా అతికిచ్చిండ్రు.
కింద మూలకు తెల్లక్షరాలల్ల
ఊశన్న, బాదేపల్లి అని నేను రాసుకున్న జాగ
కొడవలి పెట్టి కోసినట్టు లేదు.

ఇంకొకడున్నడు, వాడు ఇంకా హుషారు.
బొమ్మను తీసుకపోయి తన ఇంట్ల గూడ పెట్టుకోలే,
నా పేజీ మీదికే కొండి తగిలిచ్చిండు.
వాని గిరాకి వచ్చి చూసినప్పుడల్ల
ఇక్కడ నా మీటరు తిరుగుతది.
మా గల్లీ లైన్‌మన్ నర్సిములైతే
కట్టె పట్టుకొని తీగ గుంజి పడేస్తుండె.
ఈ తీగ కట్టెకు అందేది కాదు.

రాత్రి కూసోని కాయితం రాసిన.
'అయ్యా' అని మొదలువెట్టి
కోపమొచ్చి 'అయ్యా' కొట్టేసిన.
మా అమ్మ చెప్పే మాటనే రాసిన:
పాలకు తోడు కావాల్నంటే ఎవలు లేదంటరు?
గిన్నె పట్టుకొని గడప కాడ నిలవడి
అక్కా అని పిలవాలె.
ఎవలింటి తోడని ఎవలన్న అడిగితే పేరు చెప్పాలె.
గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఉత్తగ ఇయ్యొద్దు,
రెండు చింతపండు రెబ్బలో, గుప్పెడు అనుములో.
వద్దంటే
మూతి ముడువక తిరిగి రావాలె.

జవాబొచ్చింది, ఒకటే ముక్క:
'నెట్‌ల దొరికింది.'

దొరికిందట.
మా తొవ్వల దొరికిన కోడిపిల్లనైనా
చెంగుల పట్టుకొని మూడిండ్లు తిరుగుతరు
ఎవలిదమ్మా ఇది, అని.

సాక్షానికి ఈదమ్మను తోలుకపోదామని
గంగాపురం తొవ్వ పట్టిన.
ఫోన్ల తన మొకం చూసి ఆమె నవ్వలే.
దగ్గరికి తీసుకొని, రెండేళ్లతోని పెద్దగ చేసి
మెడ కాడ ఆగింది.

"నన్ను ముంచినవ్ గదనే ఊశన్నా.
ఈ గుండ్ల దండ నాది కాదు,
మా తోటికోడలు బాలకిష్టమ్మది.
ఆమె తల్లిగారింటికి పోయిన దినం
సందుకలకెల్లి తీసి ఒక్క పూట ఏసుకున్న.
ఒక గుండు యాడనో రాలింది.
నాలుగేండ్ల సంది ఆమె అడుగుతనే ఉన్నది,
నేను దేవుని మీద ఒట్టేస్తనే ఉన్న.
ఇప్పుడు లోకమంతటికీ
నా మెడల ఆమె దండ."

నా చేతిల ఫిర్యాదు కాయితం
చెమటకు మెత్తవడ్డది.
కంపెనోడు నన్ను అడగలే.
నేను ఈదమ్మను అడగలే.
ఈదమ్మ తోటికోడల్ని అడగలే.
బాలకిష్టమ్మకు ఆ దండ యాడిదో
నాకు అడగబుద్ధి గాలే.

"తీసేపియ్యనా అక్కా?" అన్న.
నాలుగేండ్లల్ల
నేనామెను అడిగిన మొదటి మాట.

చానసేపు చూసింది.
లోపల పొయ్యి మీద ఏందో మాడుతుంది.
"నవ్వు మంచిగనే పడ్డది గద" అన్నది.
"నీ దాంట్ల ఉండనీ. మెడ కాడికి కొయ్యి.
నా పేరు రాయి, ఇంటిపేరు గూడ.
ఆ నూనెసీసా పక్కన మాత్రం వద్దు,
నేనెన్నడు ఆ నూనె పొయ్యలే.
బాలకిష్టమ్మకు నేనే చెప్పుకుంట.
నువ్వు రాకు."

నేను బండి స్టార్ట్ చేస్తుంటే
ఆమె తపెల నిండ ఒలిచిన పల్లీలు పోసుకొని
పక్కింటి దిక్కు మెల్లగ నడుస్తుంది,
రెండడుగులేసి, ఆగి,
కొంగు సదురుకొని, మల్ల.

దుకాణంల పెట్టె తెరిచిన.
ఇంకా రెండువేల చిల్లర మొకాలున్నయి,
కొందరి ఊరు గూడ యాదికి లేదు.
కంపెనీకి మల్ల రాయాలె.
ఈసారి 'అయ్యా' కొట్టెయ్య.