మోటారు షెడ్డు గోడ మీద సీసాలు

రాపూరు పైన, వెలుగొండల నీడ పడేచోట
నాకొక కుంట ఉంది.
పదకొండేళ్ల కిందట జేసీబీని అద్దెకు తెచ్చి
మూడు రోజుల్లో కట్ట పోయించాను.
గట్టిగా తొక్కించను కూడా లేదు.
డీజిల్ దండగని
ట్రాక్టరు రెండుసార్లు తిప్పి, చాలన్నాను.

ఏ ఆఫీసు దస్త్రంలోనూ ఆ కుంట లేదు.
అడంగల్లో అది ఇప్పటికీ మెట్ట.
ఆరువందల నిమ్మచెట్లు మాత్రం
దాన్నే నమ్ముకుని కాస్తున్నాయి.

తడిని మొదట చూసింది నేను కాదు, మానికల అంకమ్మ.
పందికొక్కుల కోసం పిలిపించాను, తోకకు ఇరవై రూపాయలు.
కట్ట వెనక వాలులో మోకాళ్ల మీద వంగి
కలుగులో పొగ పెట్టబోయి, ఆగింది.
చెయ్యి బయటికి తీసి చూపించింది.
మోచేతి దాకా బురద.
"కొక్కు తవ్వి పోయిందబ్బయ్యా.
మిగతాది నీళ్లు తవ్వుకుంటా వస్తన్నాయి."

తేటగా వస్తే ఊట, ఎర్రగా వస్తే బుంగ.
చిన్నప్పటినించీ విన్నమాటే.
కానీ ఎంత ఎరుపైతే ఎరుపు?
సాయంత్రం ఎండలో ఏ నీళ్లయినా ఎర్రగానే ఉంటాయి.

అందుకని సీసాలు.
రోజుకొకటి ఊట కింద పట్టి
మూత మీద తేదీ రాసి
షెడ్డు గోడ మీద నిలబెట్టేవాణ్ణి.
నిండటానికి ఎంతసేపో సెల్లో చూసి
ఎరువుల కొట్టువాడిచ్చిన క్యాలెండరు మీద ఎక్కించేవాణ్ణి.
నలభై సెకన్లు. నలభై. ముప్పై తొమ్మిది.
పొద్దున వెళ్లి చూస్తే సీసాలో
వంకరగా నా మొహం తప్ప ఏమీ లేదు.

"సోడా కొట్టు పెడతన్నావా?" అంది మా ఆవిడ.

కార్తీకంలో వాయుగుండం.
కొండ మీద రెండు రాత్రులు కురిసిందంతా కిందికి దొర్లింది.
మూడోనాడు ఇరవై రెండు సెకన్లు.
సీసా అడుగున గోరుమందం మన్ను.

గోరుమందమే.
నేను నిలబడ్డ చోటు కిందనించి వచ్చింది.

బంకమన్ను గంపతో మూయబోతే
చెయ్యి పట్టి ఆపాడు ఖాదర్‌మస్తాన్,
కాలవ మీద లస్కరుగా చేసి దిగిపోయినవాడు.
"దీని నోరు మూస్తే ఇంకోచోట తెరుస్తాది.
నీళ్లను పోనీ.
మన్నును పోనియ్యబాక."

వాగు ఇసుక పరిచాం, దాని మీద సన్నకంకర,
దాని మీద రాళ్లు.
నిమ్మకాయల గంపలే మోశాయి అన్నిటినీ.
ఊట వడకట్టుకుని వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాను.
పీల్చుకుంటుండగానే కొలకొయ్య మీద నీళ్లు
మూడో గాటు దాటాయి.

కట్ట దిగువన, మామూలు రోజుల్లో నేను చూడని వైపు,
అంకమ్మవాళ్ల ఇళ్లు పందొమ్మిది.
నీళ్లు నావని పదకొండేళ్లు చెప్పుకున్నాను.
మోటారు నాది, పైపులు నావి, చేపలు కూడా నావే,
ఒకసారి ఆ పిల్లల్ని గాలాలతో సహా తరిమాను.
మరి గండి?
దాని పట్టా ఎవరి పేరున?

వాళ్లు సద్దిమూటలతో బడికి చేరాక
లాంతరు వెలుగులో, అలుగు దగ్గర రాతినేలను
గడ్డపారలతో మూరలోతు కోశాం.
ఎండాకాలపు తడులన్నీ
నురగతో, వాగు పక్కకు తిరిగి
నా కళ్లముందే వెళ్లిపోయాయి.
తెల్లారేదాకా గాటు గాటుగా దిగింది నీరు.

ఏమీ జరగలేదు.
ఏ పేపర్లోనూ రాలేదు, ఎవరూ పరామర్శకు రాలేదు.
వైశాఖంలో నూటనలభై చెట్లు ఎండాయి.
అంకమ్మ వచ్చి పాతబాకీ అడిగింది,
పదిహేడు తోకలైతే పదహారు లెక్కగట్టావని
తోట గేటు దగ్గర నిలబెట్టి కడిగేసింది.
పదిహేడే. ఇచ్చాను.

సీసాలన్నీ పాత సామాన్లవాడికి వేశాను.
ఆ ఒక్కటీ వెయ్యలేదు.
మనవరాలు వచ్చినప్పుడల్లా దాన్ని ఊపి
ఎర్రబడితే నవ్వుతుంది.
అది ఆటకు వెళ్లిపోయాక
మన్ను అడుగుకు దిగేదాకా
నేనక్కడే కూర్చుంటాను.