పుప్పొడికి టికెట్ కొట్టలే

మొదలు వెన్నపండు గింజ.
నాలుగు పుల్లలు గుచ్చి, గ్లాసుల నిలబెట్టి
నెల దినాలు నీళ్లు మార్చిన.
ఎర్రటి మొలక లేచి డ్రమ్ములకెక్కింది,
రోహిణి కార్తె మూడో రోజుకు
మాడిన అప్పడమైంది.

తర్వాత లిచీ.
నర్సరీ పిలగాడు ఒట్టేసి మరీ అమ్మిండు.
నాలుగేండ్లు ఆకులే కాసింది.
దానికి చలి కావాల్నట.
దేవరకొండల చలి యాడ దొరుకుతది?
ఆండాలు ఫ్రిజ్జుల ఐసు మొత్తం తెచ్చి
దాని మొదట్ల కుమ్మరించి
"తీస్కో నీ చలి" అన్నది.

కింద కిరాయికుండే ఖైరున్నీసా
"కండక్టర్ సాబ్, నిమ్మచెట్టు పెట్టుకోరాదా" అంటది.
నిమ్మ, బత్తాయి నాకు తెలువనియా?
మా నాయిన తోటల
ఏడో బోరు గూడ దుమ్మే పోసినంక
నూటనలభై బత్తాయిలు కట్టెల అడితికి పోయినయి.
ట్రాక్టరెక్కించేటప్పుడు
ఒక కొమ్మకు ఒక్క కాయ ఇంక పచ్చగుండె.
నేనే తెంపిన. తినలే.
ఆ సంగతి చెప్పకుంట
"చూద్దాం లేమ్మా" అని మెట్లెక్కిన.

డ్రాగన్ కొమ్మ బస్సుల దొరికింది.
వంగూరు గేటు కాడ ఎక్కిన పర్వతాలు,
సంచి నిండ ముండ్ల కట్టలు.
లగేజీ కొట్టాలె అంటే
చిల్లర లేదని ఒక ముక్క ఇరిచిచ్చిండు.
(ఆ పైసలు నా జేబులకెల్లి కట్టిన.
చెకింగోళ్లు చదివితే తెలువాలె.)

సిమెంటు పైపు, దాని నెత్తిన స్కూటర్ టైరు,
ఎండకాలం ఆండాలు పాత చీరె పందిరి.
దినం విడిచి దినం వచ్చే నల్లా నీళ్లల్ల
దాని వాటా రెండు చెంబులు.
బోరు నీళ్లు పోస్తే
అంచులు పసుపెక్కినయి మా ఊరోళ్ల పండ్ల లెక్క.
నోట్లె ఉండే పండ్ల సంగతి చెప్తున్న.

మూడో ఏడు మొగ్గలొచ్చినయి.
రాలినయి. మల్ల వచ్చినయి. మల్ల రాలినయి.
ఫోన్ల పర్వతాలు నవ్విండు:
"దానికి సొంత పుప్పొడి పడదన్నా,
పరాయి చెట్టుది తేవాలె.
అదీ రాత్రే. తెల్లారితే తలుపేసుకుంటది."

శ్రావణం. ఆఖరు బస్సు.
వంగూరు గేటు కాడ టవలు సుట్టుకొని చెయ్యెత్తిండు.
ఎక్కలే. కాయితం పొట్లం ఒకటి చేతుల పెట్టి
చీకట్లకు పోయిండు.
"ఎవరన్నా?" డ్రైవర్ జాన్యా.
"మొగపిల్లగాని తరపోళ్లు" అన్న.
డిండి దాటేదాంక గుంతగుంతకు
పొట్లం మీద అరచెయ్యి కప్పిన,
క్యాషు బ్యాగును సీటు మీదొదిలి.

డిపోల లెక్క అప్పజెప్పి
ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. కరెంటు లేదు.
మెట్ల మీదనే వాసన తగిలింది.
పువ్వు జానెడు మించి తెల్లగ విచ్చుకొని,
చీకట్ల ఎవరో పళ్లెం పట్టుకొని నిలబడ్డట్టు.
ఆండాలు సెల్లు లైటు పట్టింది.
టికెట్ మిషన్ తుడిచే కుంచెతోటి
ఇంతింత అద్దిన.
ఇరవై ఆరేండ్లు కుదుపుల మధ్యన చిల్లర లెక్కబెట్టిన వేళ్లు
కదలని డాబా మీద ఒణికినయి.
"ఊపిరి పీల్చు. పువ్వు కాదు, నువ్వు రాలేటట్టున్నవు"
అన్నది.

ముప్ఫైనాలుగు రోజులకు ఒక్క పండు.
ఖైరున్నీసా, జాన్యా, ఎదురింటి పోరగాండ్లు
పీట చుట్టూ మూగిన్రు.
కోస్తే లోపల హోలీ రంగు.
తిన్నరు. ఎవ్వరూ మాట్లాడలే.
"చప్పగుంది గదా" అన్నడు చిన్నోడు.
నిజమే. చెరుకు పిప్పి
రెండోసారి నమిలినట్టే.
ఆండాలు ఉప్పుకారం చల్లినంక
ముక్కలు మాయమైనయి.

నా ముక్క ఉప్పు లేకుండనే తిన్న.

టైరు కింద మల్ల మూడు మొగ్గలు,
ఒకటి రేపు రాత్రికి విచ్చేటట్టే ఉంది.
జాన్యా చెయ్యి కడుక్కుంటుంటే
వంగూరు గేటు కాడ ఒక్క నిమిషం
ఎక్కువ ఆపుమని చెప్పిన.