సుగ్గికి పోయిన పాఠం

రాత్రి తొమ్మిదిన్నరకు నేను బడికి పోతాను,
మిద్దె మీదికి.
కోసిగిలో మా ఇంటికి సిగ్నల్ దొరికేది
నీళ్ల ట్యాంకుకూ పిట్టగోడకూ నడుమ
ఒక చాప పట్టే జాగాలోనే.

నలభై ఏడేండ్లకు మళ్లా రోల్ నంబరు.
ఇరవై రెండేండ్లు హాజరు పిలిచిన గొంతు
"ప్రెజెంట్ సార్" అంటే
మైకు ఆపేసి ఉంది.
ఎక్కడో పెద్ద ఊళ్లో మా సారు, నా కొడుకు ఈడువాడు,
"మేడమ్, మీ మాట వినపడటం లేదు" అంటాడు.
వెనక బెంచీ పిల్లలా నవ్వుతాను.

విద్యా సాంకేతికత అని పేరు పెట్టుకున్న చదువులో
పాస్‌వర్డు మర్చిపోవడమే నా మొదటి యూనిట్.
స్క్రీన్ పంచుకోవడం నేర్పింది
తొమ్మిదో తరగతి ఉరుకుందమ్మ,
మధ్యాహ్నం గుడ్డు పెంకు ఒలుస్తా ఒలుస్తా:
"ఈడ నొక్కల్ల మేడం, ఈడ."
ఆ తడి వేలిముద్ర
ల్యాప్‌టాప్ మూల ఇంకా ఉంది. తుడవలేదు.

డిసెంబరులో సుగ్గి మొదలాయె.
గుంటూరు దిక్కు మిరపకోతకు
తెల్లారక ముందే లారీలు.
బియ్యం మూటలు, పొయ్యి, కాళ్లు కట్టిన రెండు కోళ్లు,
వాటి మీద నా తొమ్మిదో తరగతిలో సగం.

ఆ వారమే మాకు అసైన్‌మెంటు:
దూరంగా ఉన్న అభ్యాసకుడికి పాఠం రూపొందించండి.
ముందుగా దూరాన్ని నిర్వచించండి.

నిర్వచించాను.
నాలుగు వందల కిలోమీటర్లు.
ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను, అదీ నాయన జేబులో.
చార్జింగు మేస్త్రీ గుడారంలో.
స్క్రీన్ తాకిన వేలితోనే కన్ను తుడుచుకుంటే
మిరప ఘాటు, ఆ పొద్దంతా మంట.
ఇది ఏ సిద్ధాంతం కిందికి వస్తుందో తెలియక
ఫుట్‌నోటు ఖాళీగా వదిలాను.

లెక్కల గిడ్డయ్య సారు అడిగాడు,
"ఈ వయసులో ఈ పట్టా దేనికి మేడం, ప్రమోషనుకా?"
ఇంక్రిమెంటు కూడా రాదంటే
ఉగ్గాని పొట్లం విప్పుతూ ఇద్దరం నవ్వుకున్నాం.

మూడు నిమిషాల పాఠం. మాటే, బొమ్మ లేదు,
బొమ్మకు డేటా కావాల.
"బిందెడు నీళ్లలో మిరప కట్టె నిలబెట్టు.
వంగినట్టు కనపడుతుంది.
కట్టె వంగలేదు,
నీళ్లలోంచి గాలిలోకి వస్తూ వెలుగు దారి మళ్లింది."

ఎనిమిది రోజులు ఒకటే టిక్కు.

తొమ్మిదో రాత్రి క్లాసు నడుమ ఫోను వణికింది.
పదకొండు సెకన్లు.
గాలి. ఎవరో దగ్గుతున్నారు. తర్వాత,
"మేడం, బిందెలో కాదు, కాలవలో పెట్టి చూసినా.
కట్టె వంగింది.
నా కాలు గూడ వంగింది మేడం!"

స్క్రీన్ మీద సారు పేర్లు పిలుస్తున్నాడు.
నా పేరు రెండుసార్లు పిలిచినట్టుంది.
నేను ఆ పదకొండు సెకన్లే
మళ్లా మొదటి నుంచి వింటున్నాను.

ఆ రాత్రి నాకు గైర్హాజరు పడింది.